ఆరుబయట ఒక్క రాత్రి: ఎలా చేయాలి?

ఇల్లు లేని మనుషుల సంగతి ఊరి దృష్టికి తేవడానికి కాలేజీ పిల్లలు ఒక రాత్రి నేల మీద, ఆకాశం కింద పడుకోవడం మనవైపు అంతగా అలవాటు లేని పని. కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయం బిజినెస్ విద్యార్థులు 2005లో దీన్ని ఐదు రోజుల కార్యక్రమంగా మొదలుపెట్టారు. తర్వాత ఆ దేశంలో మిగతా విశ్వవిద్యాలయాలూ అందుకున్నాయి. వాళ్ల నియమాలు కాస్త కఠినం: ఒక స్లీపింగ్ బ్యాగు, ఒక దిండు, స్నానం లేదు, ఎవరైనా పెడితేనే తిండి. అయినా క్లాసు మాత్రం ఎగ్గొట్టకూడదు! ఆస్ట్రేలియాలో 2006 నుంచి కంపెనీల పెద్దలు ఏడాదికో రాత్రి ఇలాగే బయట పడుకుని విరాళాలు పోగుచేస్తున్నారు.

మనకు ఐదు రోజులు వద్దు, ఒక్క రాత్రి చాలు. విరాళాలు అసలే వద్దు. డబ్బు చేతికి వచ్చిందంటే లెక్కలు, అనుమానాలు, అలకలు దాని వెంటే వస్తాయి. గోదావరి జిల్లాల్లోని మండపేటలో మొదటిసారి చేయబోయే పదిహేను, ఇరవై మంది పిల్లలున్నారనుకుని, పక్కనే ఉండి చేయిస్తున్నట్టు చెబుతాను. ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. రాత్రి పడుకోవడం ఇందులో చిన్న పని. దానికి ముందు ఊళ్లో చేసే నిరాశ్రయుల లెక్క, తర్వాత మున్సిపాలిటీకి ఇచ్చే అర్జీ లేకపోతే మనం చేసింది పిక్నిక్కే.

ముందుగా తెలిసి ఉండాల్సినవి

దారిన పోయేవాళ్లు మనల్ని రకరకాలుగా అడుగుతారు. జవాబు లేక నీళ్లు నమలకుండా నాలుగు సంగతులు నేర్చుకుని వెళ్దాం.

జనగణనవాళ్లు ఇల్లు లేనివాళ్లను పగలు లెక్కపెట్టరు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, హ్యూమ్ పైపుల్లో, ఫ్లైఓవర్ కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉంటున్నవాళ్లంతా ఆ లెక్కలోకి వస్తారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. ఇది నగరాల జబ్బు అని ఎవరైనా అంటే, అందులో 8.3 లక్షల మంది పల్లెల్లోనే ఉన్నారని చెప్పండి.

2024 దాకా నడిచిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మంది తలదాచుకునే శాశ్వత వసతి ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. మన రాష్ట్రంలో ఈ పని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ), మున్సిపాలిటీలు చూస్తాయి. మరి మండపేట జనాభా లక్షకు చేరదు కదా! అలాంటి పట్టణంలో రాత్రి చోటు లేనివాడు ఎవరి లెక్కలోకి వస్తాడు? మన అర్జీ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నిలువ నీడ లేకపోవడం అంటే ఏమిటో గోదావరి జిల్లాలవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమ కొబ్బరి తోటలు, ఇళ్లు ఎలా నేలమట్టమయ్యాయో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. 2022 జులై వరదకు లంకల జనం మూటాముల్లె సర్దుకుని గట్టెక్కారు. అయితే వరదొస్తే పడవలొస్తాయి, పులిహోర పొట్లాలొస్తాయి, మంత్రులొస్తారు. ఏ వరదా రాకుండానే రోడ్డున పడ్డ మనిషి దగ్గరికి ఎవరూ రారు. ఊళ్లో మాట్లాడాల్సి వస్తే ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. మనవాళ్లకు వెంటనే అందుతుంది.

కావలసినవి

1. నేల మీద పరవడానికి బరకం. ధాన్యం ఆరబెట్టుకునేదే, ఎవరింట్లోనైనా దొరుకుతుంది. చిరుగులు లేనిది చూసుకోండి.
2. బరకం మీదికి ఖాళీ గోనె సంచులు, లేదా పాత అట్టపెట్టెలు విప్పదీసినవి. చలి పైనుంచి కన్నా కిందనుంచి ఎక్కువ పడుతుంది. కొత్తవాళ్లంతా రెండు దుప్పట్లు కప్పుకుని, కింద ఏమీ వేసుకోరు.
3. మనిషికొక దుప్పటి, చెవులు కప్పే మఫ్లరో తువ్వాలో. పరుపులు, దిండ్లు, మడతమంచాలు ఇంట్లోనే ఉండనివ్వండి.
4. నిండు చేతుల చొక్కా, సాక్సులు, ఒంటికి రాసుకునే దోమల క్రీము.
5. టార్చిలైట్లు నాలుగు. ఫోను లైటును నమ్ముకోకండి, తెల్లవారుజాముకు చార్జింగ్ చచ్చిపోతుంది.
6. ఈలలు రెండు, ప్రథమ చికిత్స పెట్టె, మూత ఉన్న నీళ్ల క్యాను.
7. గీతల నోటుపుస్తకం, పెన్నులు. పెన్ను ఒక్కటే తెస్తే అది రాయదు!
8. అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్న నంబర్లు: అంబులెన్స్ 108, పోలీసు 112, పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, వృద్ధుల కోసం 14567.

విధానం

1. రాత్రిని ఎంచుకుందాం

అక్టోబరు 10ని ప్రపంచ నిరాశ్రయుల దినంగా జరుపుతున్నారు. ఆ తేదీనే చేయాలని ఉత్సాహపడకండి. అది మనకు వానల కాలం, పైగా దసరా హడావిడి. నవంబరంటే తుపాను భయం. మార్చి అంటే పరీక్షలు. సంక్రాంతి వెళ్లాక, జనవరి చివరి శనివారం రాత్రి మనకు కుదురుతుంది. ఆదివారం పడుకోవచ్చు, సోమవారం అర్జీ ఇవ్వొచ్చు. మంచు పడుతుంది, అది పడాలి కూడా. అప్పటికి చుట్టూ దాళ్వా నాట్లు పడి చేలల్లో నీళ్లు నిలిచి ఉంటాయి కనుక దోమలకు లోటుండదు. ముందురోజు వాతావరణ సూచన చూసి, వాన ఉందంటే వారం వాయిదా వేద్దాం.

2. చోటు చూద్దాం

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. బస్టాండులో పడుకుంటే అందరూ చూస్తారు, పేపర్లో కూడా వస్తుంది అనుకుంటారు. బస్టాండు అరుగు మీద మనం ఇరవై మందిమి పరుచుకుంటే రోజూ అక్కడ పడుకునేవాళ్లు ఆ రాత్రి ఎక్కడికి పోవాలి? వాళ్ల కోసమని వాళ్ల చోటే లాక్కున్నట్టవుతుంది.

ప్రహరీ గోడ ఉన్న కాలేజీ మైదానం, అందులో పైకప్పు లేని సిమెంటు స్టేజీ మనకు సరైన చోటు. ఊరికి కనబడటం కోసం సాయంత్రం 5 నుంచి 7 దాకా కలువపువ్వు సెంటర్లో అట్టలు పట్టుకుని నిలబడదాం. ట్రాఫిక్‌కు అడ్డం రాకుండా ఒక పక్కగా, అరుపులు లేకుండా నిలబడితే చాలు.

పగలే వెళ్లి ఆ స్టేజీ చుట్టూ నాలుగు వైపులా చూసి రండి. గడ్డిమేటు, ఇటుకల కుప్ప, ఎలుక కలుగు, పొదలు ఉంటే మరో చోటు వెతకాలి. చేల మధ్య ఊళ్లలో నేల మీద పడుకునేవాళ్లకు కట్లపాముతోనే అసలు ప్రమాదం. అది రాత్రిపూట తిరుగుతుంది. కాటు నొప్పి పెద్దగా తెలియదు, దోమ కుట్టిందనుకుని అటు తిరిగి పడుకుంటారు. ఎవరికైనా కనురెప్పలు వాలిపోతున్నా, మింగడం కష్టమైనా, కారణం లేకుండా కడుపునొప్పి వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఇవేవీ వద్దు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చడమే మన పని.

3. అనుమతులు తీసుకుందాం

కాలేజీలో ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉంటే సగం పని అయినట్టే. 1969 నుంచి ఉన్న పథకం అది, ఇలాంటి సేవా కార్యక్రమాలు దాని కిందికే వస్తాయి. ప్రోగ్రాం ఆఫీసరును ముందు ఒప్పించి, ఆయన ద్వారా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్దాం. నేరుగా వెళ్తే “చదువుకోండి ముందు” అనే జవాబు వస్తుంది.

టౌన్ పోలీసు స్టేషన్లో వారం ముందే ఉత్తరం ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉన్నప్పుడు అనుమతి లేకుండా రోడ్డు మీద గుంపుగా చేరితే చిక్కులొస్తాయి. ఉత్తరంలో సాయంత్రం కార్యక్రమం, రాత్రి కార్యక్రమం వేర్వేరుగా, వేళలతో రాయాలి.

ఇంటర్ పిల్లల్లో ఎక్కువమందికి 18 నిండవు. తల్లిదండ్రుల సంతకం ఉన్న ఒప్పుకోలు పత్రం లేకుండా ఎవరినీ రానివ్వొద్దు. ఆడపిల్లల విషయం తప్పకుండా తర్జనభర్జనకు వస్తుంది. “వాళ్లు రాత్రి తొమ్మిదికి ఇంటికి వెళ్లిపోతారులే” అని తేల్చేయడం తేలిక, కానీ నేను ఒప్పుకోను. ఇల్లు లేని ఆడమనిషికి రాత్రి ఎంత భయమో వాళ్లే రాయగలరు. ఒకరిద్దరు లేడీ లెక్చరర్లు తోడుండేలా, ఆడపిల్లల పక్కలు విడిగా, గోడవైపు ఉండేలా చూద్దాం. టాయిలెట్ తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచుదాం.

4. వారం ముందు, ఊరి లెక్క

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు కనుక తీరిగ్గా చేద్దాం. ముగ్గురేసి జట్లుగా విడిపోయి, ప్రతి జట్టులో ఒక పెద్దమనిషి ఉండేలా, రాత్రి 9 నుంచి 10:30 మధ్య ఊరు తిరగాలి. బస్టాండు, గుళ్ల మండపాలు, మూసిన దుకాణాల అరుగులు, మార్కెట్, ఆసుపత్రి ఆవరణ, కాలవ వంతెనల పక్కలు చూడాలి. మండపేటలో రైల్వే స్టేషన్ లేదు కాబట్టి ఓపికుంటే ద్వారపూడి దాకా ఒక జట్టు వెళ్లొచ్చు. అక్కడ స్టేషన్ మాస్టారుకు చెప్పి, ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని మరీ లోపలికి వెళ్లాలి.

బయట పడుకున్న ప్రతివాడూ ఇల్లు లేనివాడు కాదు. ద్వారపూడి అయ్యప్ప గుడికి వచ్చి రైలు కోసం నడుం వాల్చిన స్వామి ఇల్లు లేనివాడు కాదు. రైసు మిల్లు దగ్గర లారీ కింద పడుకున్న క్లీనరు కాదు. ఎగుమతి ఆలస్యమై బస్తాల మీదే కునుకు తీస్తున్న జట్టు కూలీ కాదు. ఆసుపత్రి వరండాలో ఉన్నావిడ లోపల మంచం మీదున్న కొడుక్కి తోడుగా వచ్చి ఉండొచ్చు. ఆవిడకు ఇల్లుంది, ఈ రాత్రికి చోటు లేదు. అదీ రాయాల్సిందే, కానీ వేరే వరుసలో. నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయండి: ‘ఇల్లు లేదు’, ‘ఈ రాత్రికి చోటు లేదు’, ‘తెలియదు’. మూడో గడి ఖాళీగా ఉండకూడదు. అది ఖాళీగా ఉందంటే మనం ఊహించి రాశామన్నమాట.

నిద్రపోతున్నవాళ్లను లేపకండి. మొహం మీద టార్చి వేయకండి. మెలకువగా ఉన్నవాళ్ల పక్కన కూర్చుని, “బాబాయ్ గారూ, కాలేజీ పిల్లలమండి, రెండు మాటలు అడగొచ్చా?” అని మొదలుపెట్టండి. పెద్దావిడైతే “అమ్మా” అనో “మామ్మగారూ” అనో పిలవండి. వద్దంటే దండం పెట్టి లేచి రావాలి. పేరు అడగొద్దు, ఫోటో తీయొద్దు, “మీకు ఇల్లు ఇప్పిస్తాం” లాంటి మాట నోటివెంట రానివ్వొద్దు. ఎన్నాళ్లుగా ఇక్కడ పడుకుంటున్నారు, వానొస్తే ఎక్కడికి వెళ్తారు, రాత్రిపూట టాయిలెట్‌కు ఎక్కడికి వెళ్తారు అనే మూడు ప్రశ్నలు చాలు. రేషన్ కార్డు, ఆధార్ సంగతి వాళ్లే ఎత్తితే రాసుకోండి. చిరునామా లేక కార్డు రాకపోవడం, కార్డు లేక పింఛను రాకపోవడం ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

ఒంటరి పిల్లలు కనబడితే 1098కి, జ్వరంతో మూలుగుతున్నవాళ్లుంటే 108కి అప్పటికప్పుడే చేయాలి. లెక్క తర్వాత చూసుకుందాం.

5. పక్క వేసుకుందాం

ఆ శనివారం రాత్రి అందరం ఇంట్లో భోంచేసే వద్దాం. మైదానంలో అన్నం, బిర్యానీ పొట్లాలు వద్దు. మెతుకులు పడితే ఎలుకలొస్తాయి, ఎలుకల వెంట పాము వస్తుంది. తాపేశ్వరం పక్కనే ఉందని కాజాల డబ్బా తెచ్చే మిత్రుడు ప్రతి జట్టులో ఒకడుంటాడు. చీమల సంగతి ఒక్క మాట గుర్తుచేసి, పొద్దున తెరుద్దామని దాచేయండి.

వరుస ఇది: ముందు స్టేజీ ఊడవాలి, తర్వాత బరకం, దాని మీద గోనె సంచులు, ఆ పైన మనిషి. బరకం సగం కింద వేసి సగం పైకి మడుచుకునేంత వెడల్పుంటే మంచు నుంచి దుప్పటి తడవదు. తల వైపు గోడ ఉండనివ్వండి. చెప్పులు బయట వదలకుండా సంచిలో చుట్టి తలకింద పెట్టుకోండి. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు చేసేదీ ఇదే. దిండు లేదని కాదు, పొద్దున లేచేసరికి చెప్పులు ఉండవని. పక్కల మధ్య మనిషి నడిచేంత సందు వదలండి.

6. కాపలా కాద్దాం, రాద్దాం

రాత్రి 10 నుంచి 5 దాకా ఇద్దరేసి చొప్పున, గంటా నలభై అయిదు నిమిషాలకో జట్టు మారుతూ మేలుకుని ఉంటారు. నాలుగు జట్లు సరిపోతాయి. తెల్లవారుజాము జట్టుకు గట్టివాళ్లను వేయండి, ఆ వేళ నిద్ర ఆపుకోవడం చాలా కష్టం.

మేలుకున్నవాళ్లు గంటకోసారి నోటుపుస్తకంలో రాయాలి. “చాలా బాధగా అనిపించింది” లాంటి వాక్యాలు పనికిరావు. కంటికి, చెవికి, ఒంటికి తగిలింది రాయండి. ఇలా:

‘2:10. బరకం మీద చేయి పెడితే తడి. మెయిన్ రోడ్డు మీద ధాన్యం లారీలు మూడు వెళ్లాయి, నేల అదిరింది. కుక్కలు గేటు దగ్గర. ఇద్దరు లేచి కూర్చున్నారు, మళ్లీ పడుకోలేదు.’

ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి కాపలావాళ్ల దగ్గర పెట్టండి. ఒక్క ఫోను ఆన్‌లో ఉంటే అత్యవసరానికి చాలు. పాటలు, పేకాట, రీళ్లు లేని రాత్రి ఎంత పొడుగో అప్పుడే తెలుస్తుంది.

ఎవరికైనా వణుకు తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా, భయం వేసినా ఇంటికి పంపేద్దాం. ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు పడుకోవద్దు, లెక్కలోనూ అర్జీలోనూ పని చేస్తే చాలు.

7. తెల్లవారాక

5 గంటలకు లేచి, బరకాలు దులిపి, చోటు ఊడ్చి, వచ్చినప్పటికన్నా శుభ్రంగా వదిలి వెళ్దాం. టీ తాగే ముందు పది నిమిషాలు కూర్చుని ప్రతి ఒక్కరూ ఒక్కో వాక్యం నోటుపుస్తకంలో రాయాలి. ఇంటికి పోయి పడుకున్నాక రాద్దామంటే అందులో సగం కల్పన అవుతుంది.

8. అర్జీ

సోమవారాల్లో ప్రభుత్వ కార్యాలయాల్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. మున్సిపల్ కమిషనర్ పేరిట ఒకే పేజీలో అర్జీ రాద్దాం. ఆవేశం వద్దు, అంకెలు, అడిగేవి ఉంటే చాలు. ఫలానా రాత్రి ఫలానా చోట్ల ఇంతమంది కనబడ్డారు. పట్టణంలో నిరాశ్రయుల సర్వే చేయించండి. వసతి గృహం ఏర్పాటయ్యేదాకా చలి, వాన, తుపాను రాత్రుల్లో ఒక ప్రభుత్వ భవనం తెరిచి ఉంచండి. బస్టాండు దగ్గర మరుగుదొడ్డి రాత్రంతా తెరిచి ఉండేలా చూడండి. ఈ చివరిది చిన్న కోరికలా ఉంటుంది కానీ ముందు నెరవేరేది అదే. రసీదు తీసుకోకుండా కదలొద్దు.

అదే రోజు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో మరో దరఖాస్తు పెడదాం: పట్టణంలో నిరాశ్రయుల సర్వే చివరిసారి ఎప్పుడు జరిగింది, ఎంతమంది తేలారు, వసతి గృహం ఉందా, ఉంటే ఎన్ని పడకలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 31వ రోజు తేదీని ఇప్పుడే కాలెండర్లో గుండ్రంగా చుట్టి, దానికి బాధ్యుడిగా ఒకరి పేరు రాయండి. పేరు రాయకపోతే ఎవరూ అడగరు.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటిది, అనుభవమంతా వచ్చేసిందనుకోవడం. “ఇల్లు లేకపోవడం ఏమిటో మాకు తెలిసింది” అని మైకులో చెప్పకండి. మనకు తెల్లారితే పోవడానికి ఇల్లుంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, అమ్మ ఫోను చేస్తూనే ఉంది. మనకు తెలిసింది చలి, దోమ, మొండి నేల మాత్రమే. అంతవరకే చెబుదాం.

రెండోది, దుప్పట్ల పంపిణీ కలిపేయడం. పంచడం మంచిదే, మరో రోజు పంచుకోండి. అదే రాత్రి పెడితే ఫ్లెక్సీ వస్తుంది, ఫ్లెక్సీ మీద దాత ఫోటో వస్తుంది, పేపర్లో వార్త దాని గురించే వస్తుంది. మున్సిపాలిటీకి మనం వేసిన ప్రశ్న అడుగున పడిపోతుంది.

మూడోది, మనం గుర్తించిన చోట్లను పోస్టర్ల మీద, వాట్సాప్‌లో పెట్టడం. ఎక్కడెక్కడ మనుషులు పడుకుంటున్నారో ఊరంతా తెలిస్తే సాయం చేసేవాళ్ల కన్నా ముందు ఖాళీ చేయించేవాళ్లు వస్తారు. చోట్ల వివరం అధికారుల చేతికిచ్చే కాగితాల్లోనే ఉండాలి. బయటికి మొత్తం అంకె చాలు.

ఇక చివరగా ఒక పని మీకే వదిలేస్తున్నాను. రాబోయే జనగణనకు 2027 మార్చి 1 అర్ధరాత్రిని ప్రామాణిక సమయంగా ప్రకటించారు. ఎన్యూమరేటర్లు ఇల్లు లేనివాళ్లను వెతుక్కుంటూ రాత్రిపూట తిరగాల్సి ఉంటుంది, ఎక్కడ వెతకాలో వాళ్లకు తెలియకపోవచ్చు. మీ నోటుపుస్తకంలో ఉన్న చోట్ల జాబితాను శుభ్రంగా తిరగరాసి, ఆ తేదీకి ముందే మున్సిపల్ కార్యాలయంలో జనగణన పని చూసే అధికారి చేతికి ఇవ్వండి.